తప్పిపోయిన గేదె

ముందే చెప్పేస్తున్నాను, నాకు కోతలు కోసే అలవాటుంది. దోమ కుడితే డేగ పొడిచిందంటాను. కాబట్టి ఇందులో మీకు తోచినంత తీసేసి చదువుకోండి. కానీ ఏళ్ళుగా ఒక మాటని లోపల పెట్టుకుని మోస్తున్నాను. దాన్ని మాత్రం పెంచబుద్ధి కావడం లేదు. తగ్గించడమూ చేతకావడం లేదు. ఇంట్లో వాళ్ళకి చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను.

మా పొలం నాగాయలంక దిగువన. కాలవ నీళ్ళు తెచ్చే పంట బోదె ముందు నా చేనుకొస్తుంది, ఆ తర్వాత శివార్లో బావ చేనుకి వెళ్తుంది. బావ అంటే చుట్టరికం ఏమీ లేదు, చిన్నప్పటి పిలుపంతే. అతని చేను దాటితే ఇక సముద్రమే అని అందరికీ చెబుతుంటాను. నిజానికి మధ్యలో ఇంకో రెండు ఊళ్ళున్నాయి.

ఆ ఏడాది నాట్లు వేసిన దగ్గర్నుంచీ బావది ఒకటే గోల, నీళ్ళు రావడం లేదని. నా గట్టు మీద నిలబడి చూస్తే అతని చేను ఈ చివర్నుంచి ఆ చివరికి తళతళా మెరిసేది. అన్ని నీళ్ళు పెట్టుకుని ఏడుపేమిటి? దాన్నో కథ చేశాను. మా బావ కృష్ణలో మునిగినా గొంతు తడవలేదంటాడని గుడివాడ పెళ్ళిళ్ళలో చెప్పాను, బందరు బస్సులో చెప్పాను, ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి బయట చెప్పాను. పాస్టరు గారు కూడా నవ్వారు. చెప్పిన ప్రతిసారీ బావ చేలో నీళ్ళు ఒక అడుగు పెరిగేవి. చివరికి మా బావ పడవెక్కి కలుపు తీస్తున్నాడు.

బావ కోప్పడేవాడు కాదు. "ఒక్కసారి నా గట్టు మీదకొచ్చి చూడు బావా" అనేవాడు, అంతే.

వెళ్ళలేదు. ఎంత దూరమని? చుట్ట కాల్చేలోపు వెళ్ళి రావచ్చు.

ఒక సాయంత్రం మా గేదె తప్పిపోయింది. వెతుక్కుంటూ శివారు దాకా వెళ్ళాను. బావ లేడు. అతని గట్టెక్కి చూశాను. చేలో చుక్క నీరు లేదు. ఇన్నాళ్ళూ మెరిసింది ఉప్పు. మంచినీళ్ళు అందక చౌడు పైకి తేలి, నెర్రెలిచ్చిన మట్టి మీద తెల్లగా పేరుకుంది. పైరు ఎర్రబడిపోయింది. అక్కణ్ణుంచి వెనక్కి తిరిగి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, నా చేనుని అవతలి వైపు నుంచి చూశాను. బోదెలో నీళ్ళు నా తూము దాకా వచ్చి అక్కడే నా చేలోకి తిరిగిపోతున్నాయి. తూము మరీ లోతుకి దించి పెట్టుకున్నాను. రెండిటుకల ఎత్తు లేపి పెడితే చాలు, మిగతా నీళ్ళు బావ చేనుకి పోతాయి. పూట పని.

ఏమనిపించింది? ఏమీ అనిపించలేదు. ఇంటికొచ్చి అన్నం తిన్నాను. చేపల పులుసు.

మర్నాడు పొద్దున బావ పెట్టుకున్న అర్జీ మీద కాలవల ఇంజనీరు గారొచ్చారు, వెంట ఊళ్ళో వాళ్ళు నలుగురు. నా గట్టు మీద ఆగారు. దూరంగా బావ చేను మెరుస్తోంది.

"అక్కడిదాకా వెళ్ళి చూద్దామా?" అన్నారు, ప్యాంటు పైకి మడుచుకుంటూ.

"రండి సార్, ఒక్కసారొస్తే మీకే తెలుస్తుందండీ" అని బావ ముందు నడిచాడు.

"వెళ్దామండీ" అన్నాను నేను. "ఈతొచ్చా మీకు?"

అందరూ నవ్వారు. ఇంజనీరు గారు ప్యాంటు మడత విప్పుకున్నారు. బావ వెనక్కి తిరిగి నా వైపు చూసి, "నువ్వు మారవు బావా" అని తనూ నవ్వాడు.

ఆ ఏడు అతనికి గింజ దక్కలేదు. చేను రొయ్యల చెరువు వాళ్ళకిచ్చేసి గుడివాడలో ఒక సిమెంటు కొట్లో పనికి చేరాడు. అతను వెళ్ళిపోయాక తూము లేపాను. నీళ్ళు గలగలా శివారు దాకా వెళ్ళి, తీసుకునే చేను లేక మురుక్కాలవలో కలిశాయి.

ముందే ఎందుకు లేపలేదు? లేపితే నా చేలో మెరకగా ఉన్న చోటికి నీళ్ళు కాస్త ఆలస్యంగా ఎక్కేవి, అదా? అది కాదు. ఆ గట్టు మీదకి ఇంకొకరు ఎక్కితే నా కథ చచ్చిపోయేది. అంతే. దానికంటే పెద్ద కారణం ఉంటే బాగుండునని చాలా వెతికాను.

మొన్న గుడివాడలో ఆ కొట్టు ముందు కనబడ్డాడు. "ఈతొచ్చా అన్న మా బావ ఈయనేనండీ" అని తోటివాళ్ళకి చూపించి, టీ తెప్పించాడు. తాగాను.

ఇక నేను కల్పించింది ఏదో చెప్పాలి. చౌడు నిజం. తూము నిజం. గేదె అబద్ధం. మా ఇంట్లో గేదె ఎప్పుడూ లేదు, మావి ప్యాకెట్టు పాలు. అనుమానమొచ్చే వెళ్ళాను. ఇంజనీరు గారొస్తున్నారని తెలిసి, బావ లేని పూట చూసుకుని మరీ వెళ్ళాను. చూశాను. చూసొచ్చే ఈతొచ్చా అని అడిగాను.

ఇన్నేళ్ళూ నాకు నేను కూడా ఆ గేదె కథే చెప్పుకున్నాను. ఇవాళ దాన్ని వదిలేశాను. కాస్త ఊపిరాడుతోంది.