ఉత్తరాల పెట్టె దాకా

ఓద్వార్ ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నార్వే కొండ ఊళ్లలో కాలినడకన ఉత్తరాలు పంచాడు. ఆ రోజుల్లో గిన్నెడు బంగాళాదుంపలు తిన్నా వెదురుబద్దలా ఉండేవాడు. ఇప్పుడు రిటైరయ్యాడు గానీ తిండి రిటైరవలేదు. నడక పోయాక తిన్నదంతా కరిగే దారిలేక కొంత పొట్టలో పేరుకుంది, కొంత రక్తంలో చక్కెరై తేలింది. కొండలెక్కిన తొడలు మాత్రం పుల్లలయ్యాయి. భోజనం కాగానే గడ్డానికి అంటిన జున్నుతోనే నోరు తెరిచి గురకపెడతాడు. వీధి దిగువనున్న తమ ఇంటి ఉత్తరాల పెట్టెకి కూడా కారులోనే వెళ్తాడు. అతన్ని చూస్తే భార్య గున్వోర్‌కి ఒళ్లంతా కంపరం.

ఆ ఉదయం చలికి కారు కదల్లేదు. "కాళ్లేమైనా అద్దెకిచ్చావా? నడిచి వెళ్లు," అందామె. వెళ్లాడు. తిరిగొస్తూ ఎత్తుదారి సగంలో కంచె పట్టుకుని రొప్పుతూ నిలబడిపోయాడు. కిటికీలోంచి గున్వోర్ చూస్తూనే ఉంది. ఎనభై దాటిన పక్కింటి అస్లౌగ్ మంచు మీద జారే తోపుడు బండితో అటే వచ్చింది. బండి ముందు చిన్న కుర్చీ, అందులో ఆమె సరుకుల సంచీ ఉన్నాయి.

"కూర్చో నాయనా, ఇంటిదాకా తోస్తాను," అంటూ సంచీ తీసి తన భుజాన వేసుకుంది.

వద్దంటాడేమో అనుకుంది గున్వోర్. అతను కూర్చున్నాడు. ముసలావిడ వంగి తోస్తుంటే జేబులోంచి బన్ను తీసి కొరికాడు.

గున్వోర్ వెళ్లి తలుపు గడియ పెట్టింది.