మిర్చి కళ్లంలో ఆరిన ప్యాడ్లు

కారుకు పాలిష్ పట్టడం వచ్చా అని అడిగితే ప్రతివాడూ వచ్చనే అంటాడు. ప్యాడ్లు కడగడం వచ్చా అని అడగండి, నోరు మూతపడుతుంది. జూలూరుపాడు రోడ్డు మీదున్న నా షెడ్డులో నా నోటి నుంచి వచ్చే తిట్లలో సగం వీటి గురించే. మిషన్‌కు తగిలించే ఈ గుండ్రటి ఫోమ్ ముక్కలను వాడిన వెంటనే కడగాలి. లేకపోతే పాలిష్ లోపలే గడ్డకట్టి తర్వాతి కారును గీరి పెడుతుంది. గోరువెచ్చటి నీళ్లలో కాస్త షాంపూ వేసి పిండాలి, బట్టల్లా మెలిపెట్టకూడదు. నీడలోనే ఆరాలి. ఆరాక కవర్లో పెట్టి మూతి కట్టాలి. మూతి కట్టిన కవరుంటే లోపలిది శుభ్రమైన ప్యాడని మా షెడ్డులో లెక్క.

ఈ కడుగుడు పనిని మా అత్తమ్మ తనంతట తానే నెత్తికెత్తుకుంది. ఆమె నాకు మేనత్త కూడా, అందుకే మా మధ్య మర్యాదలు తక్కువ, మాటలు ఎక్కువ. షెడ్డు వెనకే ఇల్లు, ఇంటి పక్కనే ఆమె మిర్చి ఎండబోసే కళ్లం. గుండ్రటి ప్యాడ్లను చూసి "గా రొట్టెలు ఇటియ్యి, నేను పిండుత" అనేది. ఆమె కడిగిన దాంట్లో నేను ఏనాడూ వంక పెట్టలేదు.

మొన్న మిర్చి ఎండే రోజుల్లోనే ఒక పెద్దాయన నల్ల కారు తెచ్చాడు. జన్మంతా సార్ల కార్లు నడిపి, రిటైరయ్యాక తనకంటూ కొనుక్కున్న పాత కారు. మర్నాడు భార్యను పక్కన కూర్చోబెట్టుకుని పర్ణశాల పోవాలట. అంతకుముందు ఆ కారును వాడినవాళ్లు పాలిష్ మీద పాలిష్ చేయించి రంగు మీది పొరను అరగదీశారు. ఆ మాట ముందే చెప్పాను.

"కాకా, ఇంకొక్కసారి తట్టుకుంటది. గది గూడ మెత్తటి ప్యాడ్‌తోనే. ఆ తర్వాత ముట్టుకుంటే రంగే లేచిపోతది."

"అవ్ బిడ్డా, గా ఒక్కసారే మంచిగ చెయ్యి" అని నా పక్కనే నిలబడ్డాడు.

మూతి కట్టిన కవరు విప్పి, మెత్తటి ప్యాడ్ తగిలించి, బానెట్ మీద ఆనించి స్విచ్ నొక్కాను. ఏం జరిగిందో అర్థమయ్యే లోపే కళ్లు భగ్గుమన్నాయి. గొంతు పట్టేసింది. పెద్దాయన దగ్గుతూ వెనక్కి జరిగాడు. తడుముకుంటూ మిషన్ ఆపి, కళ్లు తుడుచుకుని చూస్తే బానెట్ నిండా గీతలు, ఒకదాని మీద ఒకటి, గుండ్రంగా. ప్యాడ్‌ను వేళ్లతో నొక్కితే లోపలి నుంచి ఎర్రటి పొడి, సన్నటి ఇసుక రాలాయి.

మా దగ్గులు విని అత్తమ్మ ఉరికొచ్చింది. "నీడల ఆర్తలేవని మిర్చి పక్కకు ఎండేసిన. మంచిగ దులిపే కట్టిన అల్లుడా."

మిర్చిని తిరగేసినప్పుడు లేచిన దుమ్మునంతా ఆ తడి ఫోమ్ మింగి కూర్చుంది. దులిపితే పోతుందా? నోటిదాకా వచ్చిన మాటను ఎలా ఆపుకున్నానో నాకే తెలియదు. ఆమె బానెట్ వంక చూసింది.

"తుడిస్తే పోదా?"

"పోదు" అన్నాను. దాన్ని పోగొట్టాలంటే మళ్లీ పాలిష్ పట్టాలి, ఆ కారుకు ఆ భాగ్యం లేదు.

పెద్దాయన కళ్లు కడుక్కుని వచ్చాడు. తల ఓరగా వంచి వెలుతురుకు అడ్డం లేకుండా చూశాడు. గోటితో ఒక గీతను తడిమాడు. తిడతాడని నిలబడ్డాను, తిడితే బాగుండుననిపించింది. ఆయన తిట్టలేదు. చటుక్కున రోడ్డు వైపు చూశాడు, ఎవరో వస్తున్నట్టు.

"గింత గీత పడ్డా సారు ముందల నిలవడి జవాబు చెప్పాలె. చెప్పేదాక నాకు బువ్వ దిగకపోయేది" అన్నాడు. తర్వాత నా ముఖంలోకి చూశాడు. "ఇప్పుడు ఎవలకు చెప్పాలె బిడ్డా?"

"నీ కారే గదా కాకా" అన్నాను.

"అవ్ గదా" అన్నాడు, అప్పుడే తెలిసినట్టు. తాళం చెవి తీసుకుని, ఆ గీతల కారును అలాగే నడుపుకుంటూ వెళ్లిపోయాడు.