డుమిలె చెవి

డుమిలెకి గనిలో పేరు తెచ్చిపెట్టింది అతని చెవి. మూడున్నర కిలోమీటర్లు భూమిలోకి దిగాక, డ్రిల్లులు మొదలయ్యే ముందు, గునపంతో పైకప్పు రాతిని ఒక్కో చోటా కొట్టి వినడం అతని పని. కంగుమంటే గట్టిరాయి. డొల్లగా పలికితే ఊడిపడే రాయి, దాన్ని పొడిచి రాల్చాకే మిగతావాళ్లు లోపలికి పాకాలి. ఇరవై రెండేళ్లుగా అతను "బాగుంది" అన్న రాతి కింద ఒక్కడికి గోరు కూడా చిట్లలేదు.

"బాబాయ్ ముందు రాయి కూడా గుట్టు దాచలేదురోయ్! మరి పిన్ని తిట్లు మాత్రం వినపడవేం బాబాయ్?" అనేవాడు లుండి. ఇద్దరిదీ లూసికిసికి కొండల్లో ఒకటే ఊరు. డుమిలె వెనకే డ్రిల్లు ఈడ్చుకుంటూ పాకేది అతనే.

"అవీ వింటే ఇంకేం బతుకుతానురా!" అని నవ్వేవాడు డుమిలె.

పాపిష్టి గని. వినడానికి జీతమిచ్చి, ఆ చెవులనే తినేసింది. డ్రిల్లుల హోరులో ముందు పిట్టల కూతలు పోయాయి, తర్వాత మనుషుల మాటలు. నోళ్లు చూసి మాటలు పోల్చుకోవడం నేర్చాడు డుమిలె. ఏటేటా జరిగే చెవి పరీక్షలో నర్సు వేలు కదలడం చూసి బొత్తం నొక్కేవాడు. సంగతి తెలిస్తే మూట కట్టించి ఇంటికి పంపేస్తారు. ఇంట్లో తినే నోళ్లు ఏడు. 'గునపం అదిరితే చేతికి తెలుస్తుందిలే' అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. తప్పే, నేనూ కాదనను. కానీ ఆ ఏడు కంచాల్లో ఏం వడ్డించాలో నన్నడక్కండి.

ఒక మంగళవారం పొద్దున రాయి డొల్లగానే పలికి ఉంటుంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

"బాగుంది, రారా" అన్నాడు డుమిలె. లుండి పాకి వచ్చాడు. మూడు నిమిషాలైనా గడవకముందే రాయి అతని మీద పడింది.

శవం ఊరికి చేరింది, మట్టీ అయింది. కానీ మనిషి చేరలేదు. పరాయి చోట పోయినవాడి ప్రాణం అక్కడే చిక్కుకుంటుంది. రేగుకొమ్మ పట్టుకెళ్లి, పేరు పెట్టి పిలిచి తెచ్చుకోవాలి. కొమ్మ చేతిలో ఉన్నంతసేపూ పోయినవాడితో తప్ప ఎవరితోనూ మాట్లాడకూడదు. లుండి భార్య నోజుకో కొమ్మతో రెండు రోజులు బస్సుల్లో వచ్చింది. బయటివాళ్లని గనిలోకి దిగనివ్వం అన్నారు ఆఫీసువాళ్లు.

నోజుకో కొమ్మని డుమిలె చేతికిచ్చి, "నువ్వెళ్లు బాబాయ్. ఆయనకి నీ గొంతు తెలుసు" అంది.

డుమిలె దిగాడు. ఆ ఉడుకులో, ఆ రాళ్ల మీద కొమ్మ ఆనించి, "లుండీ, పద నాయనా, నీ పెళ్లాం పైన నిలబడుంది" అని పిలిచాడు. పలుకుతాడేమోనని రాతికి చెవి ఆనించి చాలాసేపు కూర్చున్నాడు.

పైకొచ్చి, నోజుకో పరిచిన చాప మీద కొమ్మ పెట్టాడు. ఆమె వెంటనే అందుకోలేదు.

"పిలిస్తే పలికాడా బాబాయ్?"

పలికాడమ్మా అంటే సరిపోయేది. ఒక్క మాట! ఇన్నాళ్ల అబద్ధానికి ఇదొక బరువా? డుమిలెకి నోరు రాలేదు. ఏడుపొచ్చింది.

"తెలీదు తల్లీ. నాకు వినపడదు. ఆ రోజు రాయి చెప్పిందీ వినపళ్లేదు. బాగుంది, రారా అన్నది నేనే."

"ఎన్నాళ్లనించి?"

"రెండేళ్లు."

నోజుకో అతని మొహంలోకి చూసింది. తర్వాత వంగి కొమ్మ అందుకుంది. ఇక ఇల్లు చేరేదాకా ఆమె డుమిలెని తిట్టడానికి లేదు, పోనీలే అనడానికీ లేదు. వెనక్కి తిరిగి, కొమ్మని గుండెకి హత్తుకుని, దాంతో మాట్లాడుకుంటూ బస్సు వైపు నడిచింది.

లుండికి ఆమె ఏం చెప్పిందో గేటు దగ్గర నిలబడ్డవాళ్లందరూ విన్నారు. డుమిలెకి ఆమె వీపు మాత్రమే కనబడింది.