ఆగిన చోట

సాఫ్ట్‌వేర్ కోచింగ్ కరపత్రాలు ఎగిరే అమీర్‌పేట సందులో అజీమ్ పాత కంప్యూటర్లు బాగుచేస్తాడు. డబ్బా మూత విప్పేముందు బిస్మిల్లా అనుకుని, నిద్రపోతున్న పిల్ల ముఖం తుడిచినట్టు మెత్తని కుంచెతో దుమ్ము తుడుస్తాడు. పని అయ్యాక వచ్చినవాళ్ల కోసం తెర ముందుకు కుర్చీ తానే జరుపుతాడు. ఆ మధ్యాహ్నం పంజాగుట్ట నుంచి అరుణాదేవి ఆటోలో తన కంప్యూటరు తెచ్చింది. పోయినేడు చనిపోయిన చెల్లెలు భానుశ్రీ హెచ్‌డీ వీడియో అందులో ఆగి ఆగి నడుస్తోందట. "డబ్బా పాతదమ్మా. జర గ్రాఫిక్స్ కార్డు ఏస్తే మస్తు సాఫీగ నడుస్తది, ఫికర్ జేయకుండ్రి" అంటూ అజీమ్ కార్డు బిగించాడు. తెర మీద భానుశ్రీ "అక్కా, ఉన్నావా? సరే, నేను వెళ్లొస్తా" అని గలగలా అనేసి, చెయ్యూపి వెళ్లిపోయింది.

అరుణాదేవి ముఖం పాలిపోయింది. "ఆ కార్డు తీసెయ్ బాబూ. ఇంట్లో 'ఉన్నావా' అని ఆగేది. నేను 'ఆఁ, ఉన్నానే' అన్నాకే కదిలేది. ఇప్పుడు నా మాట వినకుండానే వెళ్లిపోతోంది." అజీమ్ కార్డు ఊడదీసి, వీడియో మళ్లీ పెట్టాడు. "అక్కా, ఉన్నావా?" బొమ్మ ఆగింది. అరుణాదేవి కుర్చీ అంచుకు జరిగి తెర మీదికి వంగింది. డబ్బా పాతది కాబట్టే బొమ్మ ఆగిందని అజీమ్‌కు తెలుసు. అయినా ఎంతసేపటికీ తెర కదలకపోయేసరికి అతని చేతి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. భానుశ్రీ కళ్లు ఎదురుచూస్తూనే ఉన్నాయి. "పలుకుండ్రమ్మా," అన్నాడు మెల్లగా.

"ఆఁ... ఉన్నానే."

భానుశ్రీ పెదవులు కదిలాయి. "సరే, నేను వెళ్లొస్తా."