నా బదులు పస్తులున్నవాళ్లు

మింగిన మెతుకు గొంతు దిగక, పళ్లెం ముందు కూర్చుని ఏడ్చిన దినాలు నాకున్నాయి సహోదరులారా. నీళ్లు తాగితే ముళ్లు గుచ్చినట్టు ఉండేది, ఉమ్ము మింగాలన్నా భయమేసేది. కృతజ్ఞత కూడికనాడు మన సంఘంలో నిలబడి ఇదంతా చెప్పాను గానీ, పుణెలో ఉన్న నా మనుమరాలు రూతు, మనుమడు సమూయేలు పరీక్షలుండి రాలేకపోయారు, అందుకే సంఘ పత్రిక కోసం మన పాస్టరు అయ్యగారు అడిగితే ఇంకొకసారి చెబుతున్నాను. బిడ్డలారా, నిదానంగా చదువుకోండి. దేవుడు మీ అవ్వ గొంతులో చేసిన పని చూడండి.

మీ తాత సాగర్ కాలువ మీద లష్కరుగా పనిచేశాడని మీకు తెలుసు, అంటే తూముల షట్టర్లు ఎత్తి దించి పొలాలకు నీళ్లు వదిలే పని. హాలియా పక్కన ఆ నీళ్లు పారిన మళ్లలోనే నేను నాట్లు వేశాను. రెండు చేతులూ బురదలో ఉంటాయి, పొద్దు నడినెత్తికొచ్చినా ఒడ్డెక్కనివ్వరు, ఆకలి తెలియకుండా ఉండటానికి ఆడవాళ్లమంతా దవడ కింద చిటికెడు తంబాకు పెట్టుకునేవాళ్లం. అందరూ పెట్టుకునేదే గదా అనుకున్నాం. మీ అమ్మ పెళ్లినాటికే నేను దాన్ని మానేశాను, కానీ అది నన్ను మానలేదని చాలా ఏండ్లకు తెలిసింది.

వానాకాలం నాట్లప్పుడు మొదలైంది. గుడిలో పాట ఎత్తుకుంటే పై చరణం అందేది కాదు. ఎడమ చెవిలో పోటు. ఊరి డాక్టరు చెవిలో చుక్కలు వేశాడు, ఉప్పు నీళ్లు పుక్కిలించమన్నాడు, అల్లం రసం, మిరియాల కషాయం, తైలం రాసి చేసిన ప్రార్థన, అన్నీ అయ్యాయి, చలికాలం వచ్చేసరికి మెడలో రేగుపండంత గడ్డ చేతికి తగిలింది. నల్గొండలో డాక్టరు గొంతులోకి సన్నని గొట్టం వేసి చూసి మారు మాట్లాడకుండా పట్నం పెద్ద దవాఖానకు రాసిచ్చాడు. అక్కడ గడ్డ నుంచి చిన్న ముక్క తీసి చూడాలన్నారు. ముక్క తీస్తే రోగం ఒళ్లంతా పాకుతుందని మన వాడలో ఎవరిని అడిగినా అంటారు గదా, నేను మంచం దిగి చెప్పులు వేసుకున్నాను. మీ తాత తలుపు దగ్గర నిలబడి ఒకటే మాట అన్నాడు.

"తియ్యకుంటే పాకుడు ఆగుతదా?"

చెప్పులు విప్పాను. నాలుక మొదట్లో క్యాన్సర్ అని తేలింది.

ఆ దినం దవాఖాన వరండాలో కూర్చుని, "ప్రభువా, ఈ గొంతుతోనే నీ పాట పాడిన. ఇది తీసేస్తరంట. నీకు ఇష్టమైతే గొంతు తీసుకో, నాకు బతుకొక్కటే ఇయ్యి, రెండు అడుగుడు నాకు చాతనైతలేదు" అని ప్రార్థించాను. కానీ ఆయన రెండూ ఇచ్చే దేవుడు, అడగటం చాతగాకపోయినా ఇచ్చే దేవుడు!

పెద్ద దవాఖాన డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. గొంతు కోయకుండా కరెంటు పెట్టి చూద్దామని ఆమే అంది, అంటే కిరణాలతో గడ్డను కాల్చే వైద్యం, దాంతోపాటు వారం వారం ఒక మందు ఎక్కిస్తారు. ఈ రోగం అసలు ఎట్లా పుడుతుందని మీ తాత అడిగాడు. ఆమె కాగితం మీద బొమ్మ గీయబోయి, నువ్వేం పని చేసేవాడివి పెద్దాయనా అని అడిగింది, లష్కరునని చెప్పగానే కలం పక్కన పెట్టేసింది.

పిల్లలారా, ఆమె చెప్పింది నాకు అర్థమైనంత చెబుతాను. మన ఒళ్లంతా కంటికి కనబడని కణాలట. ఒక్కో కణం మీద చిన్న చిన్న తూములు ఉంటాయట. పెరుగు అని కబురు వచ్చినప్పుడు తూము తెరుచుకుని ఆ కబురు లోపలికి పారుతుంది, పని అయ్యాక మూసుకుంటుంది. లోపల ఒక కావలివాడు ఉంటాడట. కణం నడవడిలో తప్పు కనబడితే పని ఆపి సరిచేయిస్తాడు, సరి కాకపోతే ఆ కణాన్ని దాని అంతట అదే చచ్చిపొమ్మంటాడు, పక్కవాళ్లకు చెడు అంటకుండా. తంబాకు విషం ఏండ్ల తరబడి ఆ కావలివాణ్ణే దెబ్బ తీసింది. అటు తూములు ఉండాల్సినదానికన్నా ఎక్కువ మొలిచాయి, తెరిచినవి మూసుకోవడం మరిచాయి.

"లష్కరు సచ్చిండు, షట్టరు తుప్పు పట్టింది," అన్నాడు మీ తాత.

"గంతే పెద్దాయనా. గా తూముకు అడ్డంబడే మందు ఉన్నది, అది ఎక్కిస్తం. కానీ ఒక్క తూము మూస్తే నీళ్లు పక్కపొంటి గండి కొడ్తయ్ గద, గీ రోగం గూడ గట్లనే చేస్తది. అందుకే మందు ఒక్కటే సాలదు, కరెంటు గూడ పెట్టాలె."

మామూలుగా ఇంకో మందు వాడతారట, కానీ మోకాళ్ల నొప్పికని నేను ఏండ్లుగా మింగిన గోళీలకు నా కిడ్నీలు బలహీనపడ్డాయి, ఆ మందుకు తట్టుకోలేవు, అందుకని ఇది. ఇది కూడా పనిచేయకపోతే మరో దారి ఉందని చెప్పింది. ఈ చెడ్డ కణాలు మేము మీవాళ్లమే అని ముసుగు వేసుకుని మన ఒంట్లోని సిపాయిల కన్ను కప్పుతాయట, ఆ ముసుగు లాగేసే మందులు కూడా ఇప్పుడు వచ్చాయట. తప్పకుండా నయమవుతుందని మాత్రం ఆమె మాట ఇవ్వలేదు. ప్రయత్నం చేస్తామంది.

తిరిగి వస్తూ బస్సులో నా అరచెయ్యి చూసుకుంటూ కూర్చున్నాను సహోదరులారా! ఒక్క కాలువ మీద నాలుగు తూములు చూసుకోవడానికే మీ తాత ఎండనక వాననక తిరిగేవాడు, ఈ చేతిలో ఇన్ని తూములా, ఇంతమంది కావలివాళ్లా, నేను నిద్రపోయినప్పుడు కూడా ఎవరు ఎత్తారు, ఎవరు దించారు? తల్లి కడుపులో నన్ను అల్లినవాడే గదా. రోగం వచ్చి నా గొంతులో ఒకచోట చెడినందుకు ఏడుస్తున్నాను, చెడకుండా ఇన్నేండ్లు ఒళ్లంతా నడిచినందుకు ఒక్కనాడైనా స్తోత్రం చెప్పలేదు. కిటికీకి తల ఆనించి, "తండ్రీ, నాకు తెలువకుండ నువ్వు చేసిన పనికి స్తోత్రం" అన్నాను. అంతకన్నా పెద్ద ప్రార్థన రాలేదు.

కరెంటు పెట్టే ముందు ముఖానికి జాలి, అంటే వలలాంటి తొడుగు, చేశారు. వేడి నీళ్లలో మెత్తబడిన తెల్లని రేకును తడిబట్టలాగా ముఖం మీద, మెడ మీద పరిచి నొక్కారు, చల్లారి నా ముఖంలాగే గట్టిపడింది, అంతటా జల్లెడ లాగా రంధ్రాలు. దినమూ బల్ల మీద పడుకోబెట్టి దాన్ని నా మీద బిగిస్తారు, తల వెంట్రుకవాసి కూడా కదలకూడదు, గడ్డ ఎక్కడుందో కిరణం సరిగ్గా అక్కడే పడాలి. డాక్టరమ్మ గట్టిగా చెప్పింది, ఏం చేసినా సరే తినాలి, చిక్కిపోతే జాలి వదులవుతుంది అని. చౌటుప్పల్‌లో మా మరిది ఇంట్లో ఉండి దినమూ పట్నం పోయి వచ్చేవాళ్లం, శనివారం ఊరికి వచ్చేవాళ్లం.

అప్పుడే ఈస్టరు ముందరి శ్రమ దినాలు వచ్చాయి. బాప్తిస్మం తీసుకున్నప్పటి నుంచి ఆ దినాల్లో సాయంత్రం దాకా పస్తుండటం నాకు అలవాటు. మంచిగున్నప్పుడే ఉండి, ఇంత పెద్ద కష్టంలో ఉండకపోతే ఎట్లా అనిపించింది. ఉంటే దేవుడు త్వరగా వింటాడనుకున్నాను. ఎట్లాగూ గొంతు నొప్పికి తినలేనని అందరికీ తెలుసు, కాబట్టి గిన్నె అట్లాగే ఉన్నా ఎవరూ అడగలేదు.

ఒక దినం జాలి బిగించిన తర్వాత, మిషను దగ్గర పనిచేసే సునీత అనే అమ్మాయి మళ్లీ లోపలికి వచ్చింది.

"అవ్వా, నీ మొకం జాలిల తిరుగుతాంది. తింటున్నవా నువ్వు?"

ఆ పూట కరెంటు ఆపేశారు. డాక్టరమ్మకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె కోపం చేయలేదు. కొత్త జాలి చేయిస్తానంది, కానీ ఇట్లాగే తగ్గుతూ పోతే మధ్యలో వైద్యం నిలపాల్సి వస్తుందంది.

"నిలిపితే ఆ చెడ్డ కణాలకు సందు దొరుకుతదమ్మా. సగం సచ్చినయ్ గూడ మల్ల లేస్తయ్. మనం గా సందు ఇయ్యరాదు."

దేవునికి చేసిన తీర్మానం ఎట్లా తెంపుతానని బస్సులో మీ తాతను నేనే కదిలించాను.

"పస్తుంటే వినే దేవుడు, తింటే వినడా?" అన్నాడు.

అయినా నాకు తినబుద్ధి కాలేదు. తింటే నమ్మకం తక్కువైనట్టే అనిపించింది.

ఆదివారం ఆరాధన అయిపోతుండగా, ఎప్పుడూ తలుపు పక్కన కూర్చుని ముందే లేచిపోయే మీ తాత నిలబడ్డాడు. ఆయన గుడిలో మాట్లాడటం నేను ఎన్నడూ చూడలేదు. జాలి సంగతి, డాక్టరమ్మ చెప్పిన సంగతి చెప్పాడు.

"ఉపాసం తెంపనంటాంది ఈమె. ఆ ఉపాసం మీరు తెగనియ్యకుండ్రి. కాల్వల నీళ్లు తక్కువైతే వారబందీ పెడ్తం గద, ఒక్కో మడికి ఒక్కో దినం. గట్లనే ఒక్కో ఇల్లు ఒక్కో దినం ఉపాసం ఉండుండ్రి. ఈమె తింటది."

అయ్యగారు నా దగ్గరికి వచ్చి, "ఎస్తేరమ్మా, ఇయ్యాల్టి సంది నీ ఉపాసం మాది. నీ వంతు తినుడు" అన్నారు.

మీ తాత వంతులు పంచడం వెనక వరస నుంచి మొదలుపెట్టాడు, కాలువ చివరి పొలాలకు ముందు అన్నట్టు. వెనక కూర్చున్న, కాలువ చివర మడి ఉన్న బాలమ్మ ఊరుకోలేదు.

"ఇన్నేండ్లకు ఈ లష్కరుకు మేం కనవడ్డం. నీళ్లకైతే ఎన్నడు కానరాకపోతిమి."

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, నవ్వితే గొంతు మండింది, మంటలోనే ఏడుపు వచ్చింది. సాయంత్రానికి ఈ సంగతి గోడ అవతలి యాదమ్మకు తెలిసింది. ఆమె మన గుడికి రాదు, శనివారం శనివారం తన దేవునికి ఒక్కపొద్దు ఉంటుంది. గోడ మీద చేతులు పెట్టి, "ఈ శనివారంది నీ పేరు మీద ఉంట. నీ దేవునికి జర చెప్పు" అంది. చెప్పాను బిడ్డలారా, ఆమె పేరు పెట్టి చెప్పాను.

ఇక తినడం. సహోదరులారా, నోరంతా పుండై, రుచి చచ్చి, ఉమ్మి బంకలాగా అయిన దినాల్లో తినడం కన్నా పస్తుండటం ఎంతో సుళువు! రాగి జావ, పాలలో గిలకొట్టిన గుడ్డు, మెత్తగా పిసికిన పప్పన్నం. మీ తాత గిన్నె ముందు పెట్టి, ఇయ్యాల బాలమ్మోళ్లు పస్తున్నరు అనేవాడు, ఇయ్యాల అయ్యగారోళ్లు అనేవాడు, అంతే, ఇంకో మాట ఉండేది కాదు. ఎండలో మిరపకాయ ఏరుతూ నా కోసం ఒకతె కడుపు మాడ్చుకుంటుంటే ఈ గిన్నె ఎట్లా తోసెయ్యను? "ప్రభువా, ఈ ముద్ద బాలమ్మ ఆకలి. దించు" అని మింగేదాన్ని. దిగేది. మళ్లీ ముద్ద, మళ్లీ ప్రార్థన. నా జీవితంలో అన్ని ప్రార్థనలు నేనెప్పుడూ చేయలేదు.

కొత్త జాలి చివరిదాకా బిగువుగానే ఉంది. వైద్యం మళ్లీ ఆగలేదు. ఈస్టరు దాటిన తర్వాత ఆఖరి కరెంటు పెట్టారు, సునీత జాలి విప్పుతూ నా చెంప నిమిరింది. మెడ నల్లగా మాడిపోయింది, మాట గుసగుస అయింది, చాలా వారాలు ఎదురుచూడమన్నారు.

వానలు పడ్డాక మళ్లీ గొంతు లోపలి ఫోటోలు తీశారు. డాక్టరమ్మ పాతది, కొత్తది పక్కపక్కన పెట్టి చూసింది. మీ తాత కుర్చీ అంచు పట్టుకున్నాడు.

"ఇప్పటికైతే ఏం కనవడ్తలేదు అవ్వా. వస్తుండాలె, చూసుకుంటుండాలె. కానీ ఏం కనవడ్తలేదు."

ఆమె కాళ్లు మొక్కబోతే నా చేతులు పట్టుకుంది. మందు చేసిందా, కరెంటు చేసిందా, అన్నం చేసిందా, ప్రార్థన చేసిందా అని నన్ను అడిగేవాళ్లున్నారు. నేను విడదీయలేను. కణం మీద తూము పెట్టినవాడు, దాన్ని కనిపెట్టే బుద్ధి మనిషికి పెట్టినవాడు, బాలమ్మ కడుపులో ఆ ఆకలి పెట్టినవాడు, నాకైతే ఒక్కడే. దేవునికే మహిమ! నా గొంతు ఇప్పుడు బొంగురు, పై చరణం అందదు, కింది చరణం పాడుతున్నాను.

ఇది చదివేవాళ్లలో ఎవరికైనా గొంతు నొప్పి, నోటిలో పుండు, మెడలో గడ్డ వారాల తరబడి తగ్గకపోతే దాచుకోవద్దు, భయపడవద్దు, దవాఖానకు పోండి, మోకాళ్ల మీద కూడా ఉండండి. నమ్మకం అంటే ఒంటరిగా కడుపు మాడ్చుకోవడమని నేను అనుకున్నాను. రూతూ, సమూయేలూ, మీరు దూరాన ఉన్నారని నాకు ఫికర్ లేదు. మీకు చాతగాని దినం వస్తే మీ వంతు మోసేవాళ్లను ఆయన ఎక్కడనుంచైనా లేపుతాడు, ఆయన్ని నమ్ముకోండి.

ఇప్పుడు మన సంఘంలో ట్రాక్టరు నడిపే అతనికి ఇదే రోగం, పోయిన వారమే జాలి చేశారు. సంఘం మళ్లీ వంతులు వేసుకుంది. డాక్టరమ్మను అడిగితే, ఒక్క పూటయితే ఉండు అవ్వా అంది. శుక్రవారం నా వంతు. ఆ దినం మీరు పుణెలో అన్నానికి కూర్చున్నప్పుడు, మొదటి ముద్ద ఎత్తే ముందు అతని పేరు ఒక్కసారి దేవునికి చెప్పండి బిడ్డలారా. అతని పేరు ప్రసాదు.