లెక్కలోకి రాని రోజు

ఆసుపత్రి లాండ్రీలో పద్నాలుగేళ్ళుగా పనిచేస్తున్న ఆమెను అందరూ దుప్పట్లక్క అనే పిలిచేవారు. నూట ఇరవై మంచాలు, నాలుగు వందల దుప్పట్లు. ప్రతి మంచానికీ రోజూ ఉతికిన దుప్పటి వెయ్యాలి. ఎండలున్నన్నాళ్ళూ ఇబ్బంది లేదు. ముసురు పట్టిందంటే మాత్రం ఆమె గుండెల్లో రాయి పడేది. కొందరు రోగులు ఉత్త పరుపు మీదే పడుకోవాల్సి వచ్చేది.

ఆ ఏడాది వానల్లో స్టోరుకీపరు నలుగురిలో, "దుప్పట్లకు కాళ్ళొచ్చి మీ ఇంటికి గానీ నడుస్తున్నాయా అక్కా?" అన్నాడు. నవ్వుతూ అన్నా ఆ మాట ముల్లులా దిగింది. సాయంత్రం ఇంటికి రాగానే తోడికోడలి దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

తోడికోడలు హైస్కూల్లో లెక్కల టీచరు. కాగితం, పెన్ను తెచ్చుకుని పక్కన కూర్చుంది.

"ఏడవకక్కా. ఒక దుప్పటి మంచమెక్కిన దగ్గర్నుంచి మళ్ళీ మంచమెక్కేదాకా ఎన్ని రోజులో చెప్పు."

"మంచం మీద ఒక రోజు. వానల్లో ఉతికి ఆరేసరికి రెండు."

"అంటే మూడు. రోజుకు నూట ఇరవై చొప్పున మూడొందల అరవై చాలాలి. జరిగేదాన్ని ఇలా కాగితం మీద నడిపించి చూడ్డాన్నే గణిత నమూనా అంటాం. నమూనా చాలంటోంది, నీకేమో చాలట్లేదు. నేనేదో వదిలేశాను."

"పదింట్లో ఒకదానికి మరక వదలదు. మళ్ళీ ఉతకాలి."

"రోజుకు పన్నెండు, ఇంకో రెండు రోజులు... ఇరవై నాలుగు. అయినా నాలుగొందల్లో పదహారు మిగలాలే!"

దుప్పట్లక్క కాగితంలోకి తొంగి చూసింది. "వార్డులో మాసినవి మూట కట్టి మూలన పడేస్తారు. అదీ రాస్తావా?"

"ఎంతసేపుంటుందక్కా?"

"మూటలు తెచ్చే మా బండి పొద్దున ఏడింటికే వెళ్ళొస్తుంది. వాళ్ళు దుప్పట్లు మార్చేది పదింటికి. ఇక మర్నాడే."

టీచరు పెన్ను కింద పెట్టేసింది. "రోజంతా! ఇంకో నూట ఇరవై! నీ దుప్పట్లు దొరికాయక్కా!"

మర్నాడు ఆ కాగితం చూసిన మేట్రన్, "బండిని పదకొండింటికి పంపితే చాలా? అంతేనా?" అని నోరు తెరిచింది. వార్డు ఆయాలు నాలుగు రోజులు సణిగి అలవాటుపడ్డారు.

తర్వాతి ముసురు పది రోజులు వదల్లేదు. ఒక్క మంచం కూడా ఖాళీ పరుపుతో లేదు. బీరువాలో పదకొండు దుప్పట్లు మిగిలాయి కూడా. స్టోరుకీపరు తనంతట తనే వచ్చి, "నోరు జారానక్కా, మనసులో పెట్టుకోకు" అన్నాడు.

ఇంటికొచ్చి దుప్పట్లక్క తోడికోడలి చెయ్యి పట్టుకుంది. "ఇన్నేళ్ళలో దుప్పట్లేవని అరిచినవాళ్ళే గానీ, ఎక్కడ ఎన్నాళ్ళుంటాయని అడిగింది నువ్వొక్కదానివేనే" అంది.

"చెప్పింది నువ్వేగా! సరేగానీ పదహారు మిగలాలి, పదకొండే అంటావేంటి? కూర్చో, ఆ అయిదూ ఎటుపోయాయో చూద్దాం" అంటూ టీచరు కాస్త పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చింది.