గాజుపళ్లెంలో బతికిన కణాలు

మొన్న బొబ్బిలి నుంచి బస్సులో వస్తుంటే, గజపతినగరం దాటాక గొర్రెల మంద ఒకటి రోడ్డుకు అడ్డం వచ్చింది. కిటికీ కిందే ఒక గొర్రె మెడ చాచి పొడిగా దగ్గింది. ఆ దగ్గు వినగానే పశువుల ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పనిచేసిన చివరి ఏళ్లు, రెండువేల పదిహేను ప్రాంతాలు, గుర్తొచ్చి మనసు బరువెక్కింది.

ఆ ఏళ్లలో ఒకసారి వానలకి గొర్రెలకు ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంది. మా అమ్మ తరఫున దూరపు మావయ్య ఒకాయన, గొర్రెల మీదే బతికేవాడు, రొప్పుతున్న తల్లిగొర్రెను ఆటోలో తెచ్చి మాకు అప్పగించాడు. ఇది ఎలాగూ దక్కదు, కోసి చూసి మిగతావాటికి దారి చూపించమన్నాడు. దాన్ని అత్తయ్య సీసాపాలు పట్టి పెంచిందని తర్వాత తెలిసింది.

గొర్రెను కోశాక, మా ల్యాబ్ డాక్టరుగారు దాని ఊపిరితిత్తుల్లోకి చల్లని ఉప్పునీరు పోయించి, మెల్లగా పిసికించి, ఆ నీటిని వెనక్కి తీయించారు. లోపలికొచ్చిన దుమ్మునీ క్రిముల్నీ మింగేసే కాపలా కణాలు అందులో ఉంటాయి. అవి ఈ జబ్బుకి ఎందుకు ఓడిపోతున్నాయో తెలుసుకోవాలని ఆయన తపన. వాటిని గాజుపళ్లేల్లో పోసి, ఒంటి వేడి ఉండే పెట్టెలో ఉంచి, ఆహారం మార్చడం నా పని. అంతకుముందు వేరే గొర్రెలవి రెండుసార్లు బూజు పట్టి పోయాయి. ఈసారి పళ్లెం అడుగున అతుక్కుని చక్కగా నిలిచాయి.

నాలుగోరోజు మావయ్య వస్తే, ఆ సంబరంలో, మీ గొర్రె కణాలు బతికాయని చెప్పి మైక్రోస్కోపులో చూపించాను. ఎంతసేపటికీ కన్ను తియ్యలేదు.

“బతికే ఉన్నాయి గదేటే తల్లీ! మరి సూదేసి మా మందకెక్కించీరాదేటి? అక్కడ రోజూ సచ్చిపోతన్నాయి.”

అలా కుదరదని, ఇవి జబ్బు గురించి తెలుసుకోడానికే గాని నయం చెయ్యడానికి కావని గొణిగాను. డాక్టరుగారు ఇచ్చిన మందులు అప్పటికే పనిచెయ్యడం మానేశాయి.

“మరి దేనికమ్మా పెంచుతన్నావు?” అన్నాడు, కోపం లేకుండానే. నేను పళ్లేన్ని తీసి మళ్లీ పెట్టెలో పెట్టేశాను.

పదోరోజుకి కణాలు చచ్చిపోయి పళ్లెం అడుగు విడిచి తేలిపోయాయి. నెల తిరక్కుండా మందా తుడిచిపెట్టుకుపోయింది. మావయ్య ఆమదాలవలసలో బియ్యం మిల్లులో బస్తాలు మొయ్యడానికి కుదిరాడు. మేం రాసుకున్నదంతా పెద్ద ల్యాబ్‌కి పంపాం. నేను రిటైరయ్యేదాకా జవాబు రాలేదు.

ఇప్పుడు టీకాలు ఊళ్లోకే వస్తున్నాయి. నా తర్వాత చేరిన అమ్మాయిలు నాకన్నా నేర్పరులు. వాళ్లకు నమూనాలు మూతబిగించిన సీసాల్లో, నంబర్లతో అందుతాయట. ఎవరి గొర్రెదో తెలియనక్కర్లేదట. ఆ నిశ్చింత మాకు దొరకలేదు. దొరికి ఉంటే బాగుండేదని అనడానికీ నోరు రాదు.